ఏ కీలోనూ కుదరని 3 మి.మీ. క్యాడిస్ పురుగు: కొత్త జాతి అని ఎప్పుడు అనాలి, ఎలా వర్ణించాలి?

మీ ప్రశ్న సారం ఇది. సెలయేటి ఒడ్డున యూవీ దీపం కింద పెట్టిన పళ్ళెంలో 3 మి.మీ. కూడా లేని క్యాడిస్ పురుగులు (లార్వా దశ నీటిలో గడిపే, చిమ్మటల్లాంటి పురుగులు) పడ్డాయి. వాటిలో మూడు మగవి అచ్చం ఒకేలా ఉన్నాయి, కానీ దొరికిన కీలలో (లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ జాతిని గుర్తుపట్టించే పట్టికల్లో) దేనికీ కుదరడం లేదు. ఇది కొత్త జాతేనా? అయితే వర్ణన ఎలా రాయాలి? మూడు సరిపోతాయా? డీఎన్‌ఏ వరుస ఒక్కటి ఇస్తే చాలదా?

సూటిగా చెప్తాను. కొత్త జాతి అయ్యే అవకాశం బాగానే ఉంది, కానీ కీలో కుదరకపోవడం దానికి రుజువు కాదు. ఆ ప్రజాతిలో ఇప్పటికే పేరున్న జాతుల బొమ్మలన్నీ పక్కన పెట్టుకుని, మీ మగ పురుగు జననాంగాలను శుభ్రంగా తయారుచేసి పోల్చాక, ఫలానా రెండు మూడు చోట్ల ఇది వేరు అని చూపించగలిగితేనే కొత్తది అనాలి. మూడు మగవి చాలు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం ఒక్కటున్నా చాలు. డీఎన్‌ఏ మంచి తోడు, కానీ జననాంగాల బొమ్మ చేసే పని అది చేయలేదు. పనిలో ఎక్కువ భాగం రాత కాదు: తయారీ, పోలిక, బొమ్మ. ఎక్కువ పొరపాట్లు జరిగేవీ అక్కడే కాబట్టి నేనూ అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు అది ఏమిటో తేల్చుకోండి. మీరు చెప్పిన సైజును బట్టి ఇవి హైడ్రాప్టిలిడే కుటుంబానివే అయ్యుండాలి. ట్రైకాప్టెరా (క్యాడిస్ పురుగుల) క్రమంలో అతి పెద్ద కుటుంబం ఇదే, 2,500 పైచిలుకు జాతులకు ఇప్పటికే పేర్లున్నాయి. అయినా ఏటా కొత్తవి వస్తూనే ఉన్నాయి. చిన్నవి కావడంతో పాత సేకరణల్లో వీటిని చాలామంది వదిలేశారు, కొన్నిసార్లు చిన్న చిమ్మటలనుకుని పక్కన పెట్టారు. సన్నటి కోసు రెక్కలు, రెక్క అంచున రెక్క వెడల్పును మించిన వెంట్రుకల కుచ్చు, ముందు రెక్క కంటే పొట్టి స్పర్శశృంగాలు, మధ్య వక్షం పైపలక మీద వెంట్రుకల బొడిపెలు లేకపోవడం: ఈ నాలుగూ కలిస్తే ఈ కుటుంబమే. చిమ్మటకైతే రెక్కల నిండా పొలుసులుంటాయి, చాలావాటికి నోటి దగ్గర చుట్టుకున్న తొండం కనిపిస్తుంది. క్యాడిస్‌కు ఆ తొండం ఉండదు.

తర్వాత ప్రజాతి. దీనికి కాళ్ళ టిబియాల (పిక్క భాగాల) మీది స్పర్లు, అంటే పెద్ద ముళ్ళు, లెక్కపెట్టాలి: ముందు, నడిమి, వెనుక కాలికి ఎన్నేసి ఉన్నాయో వరుసగా రాయాలి. ఈ కుటుంబంలోని హైడ్రోప్టిలా ప్రజాతికి 0, 2, 4. ఆక్సీఇథైరా, ఆర్తోట్రికియాలకు 0, 3, 4. స్పర్లు సులువుగా రాలిపోతాయి కాబట్టి ఒక్క కాలు చూసి లెక్క రాయకండి. రెండు వైపులా, కనీసం రెండు పురుగుల్లో చూడండి. రాలిన చోట చిన్న గుంట మిగులుతుంది, ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో కనిపిస్తుంది. సరళ నేత్రాలు (తల మీద చుక్కల్లా ఉండే చిన్న కళ్ళు) ఉన్నాయో లేవో కూడా రాసుకోండి. హైడ్రోప్టిలా మగవాటికి తల వెనుక మూతల్లాంటి తమ్మెలు, వాటి కింద వాసన వెదజల్లే అవయవాలు ఉంటాయి. ఆ మూత తెరిచి చూడటం చాలామంది మరిచిపోతారు, వర్ణనలో అది బాగా పనికొచ్చే లక్షణం.

ఇక అసలు పోలిక. ప్రాంతాల వారీ కీలు అచ్చయ్యేనాటికే కొంత పాతబడి ఉంటాయి. మీ పురుగు కీలో ఆగిపోవడానికి కారణం అది పదేళ్ళ క్రితం వేరే పత్రికలో వర్ణితమై ఆ కీలోకి ఎక్కకపోవడమే కావచ్చు. కాబట్టి ట్రైకాప్టెరా ప్రపంచ జాబితా తెరిచి, మీ ప్రజాతిలో మీ భూభాగంతో పాటు చుట్టుపక్కల భూభాగాల నుంచి నమోదైన జాతులన్నీ తీయండి. ఒక్కోదానికి మూల వర్ణన సంపాదించి, బొమ్మలు మాత్రం కత్తిరించి ఒకే పుటల మీద వరుసగా అతికించుకోండి. హైడ్రోప్టిలాలో ఇవి వందల్లో ఉంటాయి. మొదట జననాంగాల ఉపాంగాల (ఉదరం చివర పొడుచుకొచ్చే జత భాగాల) ఆకారాన్ని బట్టి గుంపులు చేస్తే పోల్చాల్సినవి పది పన్నెండుకు దిగుతాయి.

ఇక్కడొక జాగ్రత్త. పాత వర్ణనల్లో చాలావరకు స్లైడ్ మీద కవర్‌స్లిప్ కింద నలిగిన నమూనాలను చూసి గీసినవి. నలిగితే కింది ఉపాంగాలు పక్కలకు విచ్చుకుంటాయి, ఉదరం తొమ్మిదో ఖండితం (విభాగం) వెడల్పుగా కనిపిస్తుంది. మీరు గ్లిజరిన్‌లో నలగకుండా చూసిన రూపానికీ ఆ బొమ్మకూ ఉన్న తేడా జాతుల తేడా కాకపోవచ్చు. అలాంటి దగ్గరి జాతి ఒకటో రెండో మిగిలితే, దాని హోలోటైప్ (జాతి పేరుకు ఆధారంగా ఎంచిన ఒకే ఒక్క నమూనా) ఉన్న సంగ్రహాలయానికి రాసి ఫోటోలు అడగండి. జవాబుకు నెలలు పట్టినా ఆగండి. ఈ ఒక్క మెట్టు ఎగరగొట్టడం వల్ల ఒకే పురుగుకు రెండు పేర్లు పడ్డ సందర్భాలు క్యాడిస్‌లలో తక్కువేం కాదు.

క్లియరింగ్, అంటే లోపలి కండ కరిగించి గట్టి భాగాలు కనిపించేలా చేయడం: దీని మీదే అంతా ఆధారపడి ఉంది. మగ పురుగు ఉదరాన్ని వక్షం దగ్గర సన్నని ఫోర్సెప్స్‌తో విడదీయండి. క్యాడిస్‌లలో పెద్దవాటికి ఉదరం చివరి భాగం చాలు. ఈ చిన్నవాటికి మాత్రం మొత్తం ఉదరం తీయడమే మేలు. చివర పట్టుకుని లాగితే ఉపాంగాలు విరుగుతాయి, పైగా ఆరో ఏడో ఖండితాల అడుగున ఉండే ముల్లు కూడా గుర్తింపుకు కావాలి.

డీఎన్‌ఏ తీయాలనుకుంటే అది ముందు, క్షారం తర్వాత. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసిన ఉదరం నుంచి ఇక డీఎన్‌ఏ రాదు. ఇంత చిన్న పురుగుకు ఒక్క కాలు ఇచ్చే డీఎన్‌ఏ చాలకపోవచ్చు. ఉదరాన్నే ప్రొటీనేజ్ కె ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, ద్రవాన్ని డీఎన్‌ఏకు తీసుకుని, మిగిలిన కైటిన్ తొడుగును జననాంగాల పరిశీలనకు వాడుకోవచ్చు. కండరాలు అప్పటికే కరిగి ఉంటాయి కాబట్టి క్లియరింగ్ కూడా సగం అయిపోయినట్టే. ఒకే నమూనా నుంచి రెండూ వస్తాయి. ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

క్లియరింగ్‌కు రెండు దారులున్నాయి. ఒకటి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్. గది వేడిమిలో రాత్రంతా ఉంచొచ్చు, లేదా గోరువెచ్చగా వేడి చేస్తూ పది నిమిషాలకొకసారి తీసి చూడొచ్చు. రెండోది 85 శాతం లాక్టిక్ ఆమ్లం. దాదాపు 125 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు. ఈ చిన్న పురుగులకు నేను లాక్టిక్ ఆమ్లాన్నే సూచిస్తాను. క్షారంలో ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉంటే పల్చటి పొరలు కనబడకుండా పోతాయి, పదో ఖండితం చాలావరకు ఆ పొరే. లాక్టిక్ ఆమ్లంలో అంత తొందరగా చెడదు.

ఏవి ఎందుకు చెడతాయో కూడా చెప్తాను. క్లియర్ అయిన ఉదరం లోపల తెల్లటి ముద్ద మిగిలితే అది కొవ్వు. ఉదరం మొదలు వైపు నుంచి సన్నటి మొద్దు సూదితో మెల్లగా నొక్కి, నీటితో కడిగి బయటికి తోయాలి. నల్లటి బుడగ కనిపిస్తే గాలి. దాన్ని ఇథనాల్‌లోకి తిరిగి వేసి కాసేపు ఉంచితే పోతుంది, సూదితో పొడవకండి. కొన్ని రోజులకు నమూనా మీద పొడిలాంటి స్ఫటికాలు వచ్చాయంటే క్షారం సరిగ్గా కడగలేదన్నమాట. ఒకటి రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఒకసారి ముంచి, తర్వాత మంచినీళ్ళలో కడగాలి. నీటి నుంచి నేరుగా చిక్కటి గ్లిజరిన్‌లో వేస్తే ఉదరం ఎండు మిరపకాయలా ముడుచుకుపోతుంది. నీరూ గ్లిజరిన్ సగం సగం కలిపిన దాంట్లో ముందు ఉంచి, తర్వాత గ్లిజరిన్‌లోకి మార్చండి. మరీ పారదర్శకమైపోయి గీతలే కనిపించకపోతే క్లోరజోల్ బ్లాక్ రంగు ఒక చుక్క చాలా పల్చగా చేసి క్షణాలపాటు పట్టించండి.

బొమ్మలో తప్పులన్నీ పురుగును ఉంచిన తీరు నుంచే వస్తాయి. గుంట స్లైడ్‌లో గ్లిజరిన్ పోసి ఉదరాన్ని ఉంచితే అది దొర్లుతూనే ఉంటుంది. గ్లిజరిన్ జెల్లీ కొద్దిగా వేస్తే నిలుస్తుంది, లేదా కవర్‌స్లిప్ విరిగిన ముక్కలు రెండు పక్కన ఆనించండి. పక్క చూపు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోకస్ కిందికి దించుతూ పోతే ఈ వైపు కింది ఉపాంగం మాయమై ఆ వైపుది సరిగ్గా అదే చోట కనిపించాలి. కొద్దిగా ముందుకో వెనక్కో జరిగి కనిపించిందంటే ఉదరం ఒరిగి ఉంది. పది డిగ్రీలు ఒరిగినా ఉపాంగం చివర మొద్దుగా ఉన్నది కోసుగా కనిపిస్తుంది, మీరు దాన్నే కొత్త లక్షణమని రాసేస్తారు. ఆర్తోట్రికియా మగవాటి జననాంగాలు కుడి ఎడమలు ఒకేలా ఉండవు కాబట్టి దానికి ఈ పరీక్ష చాలదు. అక్కడ తొమ్మిదో ఖండితం ముందంచు రెండు వైపులా ఒకేచోట పడుతుందేమో చూడాలి.

కనీసం నాలుగు బొమ్మలు కావాలి: పక్క నుంచి, పై నుంచి, కింది నుంచి, ఫాలస్ (మగ సంభోగాంగం) విడిగా. 200 నుంచి 400 రెట్ల మాగ్నిఫికేషన్‌లో, డ్రాయింగ్ ట్యూబ్ (కాగితాన్నీ నమూనానూ ఒకేసారి చూపే మైక్రోస్కోప్ పరికరం) పెట్టుకుని పెన్సిల్‌తో గీసి, తర్వాత కంప్యూటర్‌లో గీతలు దిద్దుకోవచ్చు. ఫోకస్ పొరలు కలిపిన ఫోటోలు తోడుగా ఉంటే మంచిదే కానీ గీత బొమ్మకు బదులు కావు. పల్చటి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఫోటో చూపించలేదు, గీసినవాడు నిర్ణయించాలి. వెనుక దాగిన భాగం చుక్కల గీతలో పెట్టండి. స్టేజ్ మైక్రోమీటర్‌తో కొలిచి 0.1 మి.మీ. స్కేలు గీత ప్రతి బొమ్మకూ పెట్టండి, ప్రతి లెన్స్‌కూ విడిగా. ఫాలస్‌ను బయటికి లాగి గీస్తే దాని సహజమైన వంపు పోతుంది. ముందు లోపలే ఉంచి గీయండి, తర్వాత తీసి గీయండి. హైడ్రోప్టిలాలో నడుమ సన్నబడిన చోట దాని చుట్టూ మెలిక తిరిగే సన్నటి ముల్లు ఉంటుంది. ఆ మెలిక ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి.

ఆర్తోట్రికియా విషయంలో ఇంకో మాట. కుడి ఎడమల తేడానే జాతి లక్షణమైనప్పుడు, కింది చూపులో తల వైపు పైకి ఉంటే పాఠకుడి ఎడమ పురుగుకు కుడి. మైక్రోస్కోప్ బొమ్మను తలకిందులు చేయవచ్చు, కంప్యూటర్‌లో పొరపాటున అద్దంలా తిప్పేయవచ్చు. అలా బొమ్మ కుడి ఎడమలు తారుమారై అచ్చయితే, తర్వాత అదే జాతి పట్టుకున్నవాడు కుడి ముల్లు పొడవున్న మరో కొత్త జాతి దొరికిందనుకుంటాడు. గీసిన కాగితం మీద అక్కడికక్కడే 'పురుగు ఎడమ' అని రాసుకోండి, అచ్చు ప్రూఫ్‌లో మళ్ళీ నమూనాతో సరిచూడండి.

ఒక్క మగది చాలా? నియమం ప్రకారం చాలు. అంగీకరించదగ్గదో కాదో తేడాను బట్టి. దగ్గరి జాతుల్లో ఎక్కడా లేని ముల్లో కొక్కెమో ఉంటే ఒక్కదానితో రాయొచ్చు. కానీ మీ తేడా 'ఉపాంగం కొంచెం పొడవు' అన్నంత మాత్రమే అయితే ఒక్కదానితో రాయకండి. అది ఆ పురుగు ఒక్కదాని తేడా కావచ్చు. మీ దగ్గర మూడున్నాయి కాబట్టి మూడింటినీ ఒకే తీరుగా తయారుచేసి, తేడాలు ఎంత మారుతున్నాయో రాయండి. అదే కాలంలో అదే చోట ఇంకో రెండు రాత్రులు దీపం పెట్టండి. చీకటి పడ్డ తర్వాత మొదటి రెండు గంటలే చిన్న క్యాడిస్‌లు ఎక్కువగా వస్తాయి, గాలీ చలీ ఉన్న రాత్రి దండగ.

అదే పళ్ళెంలో పడ్డ ఆడవాటిని ఆ మగవాటికి జత కట్టే ఆశ అందరికీ ఉంటుంది. ఒకే రాత్రి ఒకే ప్రజాతి జాతులు నాలుగైదు రావడం మామూలే, కాబట్టి డీఎన్‌ఏ సరిపోకుండా ఆడదాన్ని పారాటైప్‌గా (హోలోటైప్‌కు తోడు నమూనాగా) పెట్టకండి. లార్వాలదీ అదే కథ. ఈ కుటుంబంలో లార్వా మొదటి నాలుగు దశలు గూడు లేకుండా తిరిగి, అయిదో దశలో మాత్రమే సంచిలాంటి గూడు అల్లుకుంటుంది. లార్వాను ప్రౌఢదశతో కలపాలంటే పెంచాలి, లేదా ప్రౌఢ పురుగుగా బయటికి రావడానికి సిద్ధమైన మగ ప్యూపా దొరకాలి. అలాంటి ప్యూపా చర్మంలోంచి ప్రౌఢ జననాంగాలు కనిపిస్తాయి, అదే గూట్లో అడుగున లార్వా విడిచిన తల గుల్ల, వక్ష ఫలకాలు మిగిలి ఉంటాయి. ఒకే గూటిలో రెండూ దొరికితే ఇక అనుమానం ఉండదు.

డీఎన్‌ఏ గురించి. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 బేసుల భాగాన్ని ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లతో (ఆ భాగాన్ని నకలు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) తీస్తారు. 95 శాతం ఇథనాల్‌లో పట్టి, చల్లగా దాచిన నమూనాలు కావాలి. 70 శాతంలో వెచ్చగా నెలలపాటు ఉన్నవి సరిగా పనిచేయవు. వరుస వచ్చాక 2 శాతమో 3 శాతమో తేడా దగ్గర గీత గీసి అంతకు మించితే కొత్త జాతి అనకండి. పోల్చడానికి ఆ ప్రజాతిలో పేరున్న జాతుల వరుసలే కొన్ని ఉంటాయి, దగ్గరి జాతి వరుస లేకపోతే ఎంత దూరమున్నా అర్థం లేదు. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన పురుగుల్లో మైటోకాండ్రియా వరుసలు జాతుల గీతలతో కలవకపోవడం కూడా ఉంది. బొమ్మా వరుసా ఒకే మాట చెబితే నిశ్చింత. విడిపోతే ఇంకో రెండు నమూనాలు తీయాల్సిందే.

రాత. వర్ణన అందరూ రాయగలరు, ఇబ్బంది పెట్టేది డయాగ్నోసిస్, అంటే దగ్గరి జాతుల నుంచి వేరుచేసే లక్షణాలు చెప్పే భాగం. 'ఈ జాతి జననాంగాల ఆకారాన్ని బట్టి ఇతర జాతుల నుంచి వేరుగా గుర్తించవచ్చు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దాన్ని ఇలా తిరగరాయాలి: 'కింది ఉపాంగాలు పక్క నుంచి చూస్తే చివర పైకి వంగి కోసుగా ఉండటంలో ఫలానా జాతిని పోలి ఉంటుంది. దానికి జననాంగాల కింది పలక (సబ్‌జెనిటల్ ప్లేట్) చివర నిలువుగా చీలి ఉంటుంది, దీనికి చీలిక లేదు. ఫాలస్ ముల్లు దానికి ఒక చుట్టు, దీనికి రెండు.' పోలిన జాతి పేరు, పోలిక, తేడా, ఏ చూపులో చూడాలో: నాలుగూ ఉండాలి. నియమావళిలోని 13వ అధికరణం కోరేది ఇంతకంటే తక్కువే: వేరుచేసే లక్షణాలు మాటల్లో ఉండాలి, బొమ్మ ఒక్కటే చాలదు.

కొలతలు ముందు రెక్క పొడవుగా ఇవ్వండి, ఎన్ని పురుగులు కొలిచారో బ్రాకెట్‌లో రాయండి. రంగు ఇథనాల్‌లో ఉన్నదా ఎండినదా చెప్పండి. ఇథనాల్‌లో వెంట్రుకల రంగు వెలిసిపోతుంది, గోధుమ రంగు అని అచ్చయిన జాతి బతికున్నప్పుడు నల్లటి పట్టీలతో ఉండొచ్చు.

పేరు చెల్లుబాటు కావాలంటే తప్పనిసరి అంశాలు కొన్ని ఉన్నాయి. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి. హోలోటైప్ ఏ ఒక్క పురుగో చెప్పాలి, దాన్ని ఏ సంగ్రహాలయంలో ఏ ఊళ్ళో ఉంచుతున్నారో రాయాలి. కేవలం ఆన్‌లైన్‌లో వచ్చే పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల పేర్ల అధికారిక నమోదు వ్యవస్థ) నమోదు సంఖ్య వ్యాసంలోనే అచ్చవ్వాలి. 2012లో వచ్చిన సవరణ ఇది. సదస్సు సారాంశంలోనో డీఎన్‌ఏ డేటాబేస్‌లోనో పేరు ముందుగా వాడకండి, వర్ణన లేని పేరు నోమెన్ న్యూడమ్ (చెల్లని వట్టి పేరు) అయిపోయి జాబితాల్లో గందరగోళం చేస్తుంది. అప్పటిదాకా ప్రజాతి పేరు పక్కన మీ నమూనా సంఖ్య చాలు.

పేరు పెట్టేటప్పుడు లింగం చూసుకోండి. హైడ్రోప్టిలా, ఆక్సీఇథైరా, ఆర్తోట్రికియా మూడూ స్త్రీలింగాలే, కాబట్టి విశేషణం 'మినుటస్' కాదు 'మినుటా'. ఒక పురుషుడి పేరైతే చివర 'ఐ', స్త్రీ పేరైతే 'ఏఈ'. అదే ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు ఎవరైనా వాడారేమో, తర్వాత వేరే ప్రజాతికి మార్చిన వాటితో సహా వెతకండి.

సేకరణ అనుమతి పత్రం సంఖ్య వ్యాసంలో అడుగుతారు. నమూనాలు దేశం దాటి పంపాల్సి వస్తే, సేకరించిన దేశం నగోయా ఒప్పందం (జీవ వనరుల వాడకంపై అంతర్జాతీయ ఒప్పందం) కింద ఏమి కోరుతుందో పంపకముందే తెలుసుకోండి. తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

మీ మూడు నమూనాలకు ఇలా చేయండి. మూడింటిలో కాళ్ళూ రెక్కలూ నిండుగా ఉన్నదాన్ని హోలోటైప్‌కు పక్కన పెట్టండి, దాన్ని మాత్రం మొదట ముట్టుకోకండి. రెండోదాన్ని ప్రొటీనేజ్‌లో వేసి డీఎన్‌ఏ, క్లియరింగ్ రెండూ నేర్చుకోండి. మూడోదాంతో బొమ్మ గీయడం సాధన చేయండి. చెయ్యి కుదిరాక హోలోటైప్ ఉదరం తీయండి. తీసిన ఉదరాన్ని సన్నటి గాజు గొట్టంలో 80 శాతం ఇథనాల్ పోసి, మూతగా దూది పెట్టి, మిగిలిన దేహం ఉన్న సీసాలోనే వేయండి. వేరే పెట్టెలో పెట్టిన ఉదరం ఏదో ఒకరోజు వేరే పురుగుది అయిపోతుంది. లేబుల్ పెన్సిల్‌తోనో ఇండియన్ ఇంక్‌తోనో మంచి కాగితం మీద రాయండి, లేజర్ ప్రింట్ అక్షరాలు ఇథనాల్‌లో ఊడిపోవచ్చు. అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, దీపం రకం, పట్టినవారి పేరు అన్నీ ఆ లేబుల్ మీదే ఉండాలి.

స్పర్ల లెక్కతో పాటు పక్క, కింది చూపుల ఫోటోలు ఇక్కడ పెట్టండి. ఏ గుంపు జాతుల బొమ్మలు మొదట తీయాలో చెప్తాను.